లోపల ఖాళీ లేదు

తార్నాక దవాఖానల
పొట్ట మీద చల్లటి జెల్లు రాసి
స్కానింగు పిల్ల అడిగింది:
"మందు తాగుతరా, అంకుల్?"

నవ్వొచ్చింది నాకు.
డిపోల ఎవర్నన్న అడుగు, ఎల్లేశం తాగడు.
పెండ్లి దావతుల్ల, ప్రమోషన్ దావతుల్ల,
పోయినోళ్ల పదకొండొద్దులకు సుత
అందరి గ్లాసుల్ల ఐసుముక్కలు మునుగుతుంటే
నా ముందట పెద్ద సీసా, నారింజ రంగుది,
నా ఒక్కనికే.
"మావోడు బంగారం" అని భుజం తడితే
ఇంకో గ్లాసు వంచుకుంటుంటి.
ఇరవై రెండేండ్లు
ఆ బంగారం మాట మీదనే బతికిన.

పిల్ల మిషన్ మళ్లొకసారి జరిపి
తెర చూసింది, నన్ను చూసింది.
"లివర్ నిండ కొవ్వుంది."
నన్ను నమ్మక కాదు.
ఈ మాట రోజూ చెప్పే గొంతు అది.

లెక్క నాకు కొత్త గాదు,
చిల్లర ఎంచి ఎంచి నల్లబడ్డ వేళ్లు ఇవి.
పొద్దుగాల కోఠిల దిగంగనే ఇరానీ చాయ్,
ఒకటి కాదు, రెండు.
మే నెల పదకొండింటికి బస్సు రేకు పెనమైతే
మెహిదీపట్నంల సల్లటి సీసా.
అఫ్జల్‌గంజ్‌ల చెరుకు రసం
(చెరుకు మంచిదే గదా, చెట్టుదే గదా).
డబల్ డ్యూటీ నాడు నిద్రాపుకోను
ఎర్ర డబ్బా, డ్రైవర్ వాజిద్ భాయ్ సగం, నేను సగం.
నా సగం ఎన్నడూ సగం గాదు.
ఇంటికి పోతే సులోచన పిండిన బత్తాయి,
మూడు చెంచాల చక్కెర, ప్రేమ.
సీటు కింద నీళ్ల సీసా మాత్రం
తాగేటోడు లేక ఉడికిపోతుండె.
తాగిన కొద్దీ దూప.
దూప కొద్దీ తాగుడు.
బెల్టుకు ఇగ పొడవనీకి చిల్లు జాగ లేదు.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది.
తల ఊపిన, అర్థం కాలె.
వాపసొచ్చేటప్పుడు కిటికీ పక్కన కూసొని
నా బస్సే గీసుకున్న మనసుల.

సాయంత్రం ఆరు, అమీర్‌పేట.
చక్కెర ఎక్కుతది.
నమిలి తిన్నదైతే ఒకరెనక ఒకరు, ముసలోళ్ల లెక్క,
రాడ్డు పట్టుకొని మెల్లగ.
తాగిందైతే
కాలేజీ విడిచిన గుంపు, ఒక్కపారే.
లోపల ఒక కండక్టరు, ఇన్సులిన్ అట పేరు,
గొంతు పోయేదాక ఒర్లుతడు:
"జరగాలె, జర ముందుకు జరగాలె,
లోపల మస్తు ఖాళీ ఉంది!"
మొదట్ల జరుగుతరు.
తర్వాత చెవుల వైర్లు పెట్టుకుంటరు.
ఒళ్లు ఇంకో కండక్టర్ను పంపుతది, ఇంకొకణ్ని.
అందరు ఒర్లుతరు, ఎవ్వడు కదలడు.
ఫుట్‌బోర్డు మీద ఏలాడుకుంట
నెత్తుర్లనే తెల్లారుతది చక్కెరకు.
మిగిలిన బరువంత
ఒకే పక్క టైరు మీద పడ్డట్టు, లివర్ మీద.

ఎన్నేండ్ల నుంచి ఒర్లుతున్నడో వాడు.
డ్యూటీ దిగినంక నాకన్న
ఇంత నీళ్లిచ్చి కూసోబెట్టే మనిషుంది.

నిన్న నాచారంల వాజిద్ భాయ్ మేనల్లుని వలీమా.
బిర్యానీ వచ్చింది, ఎనకనే నారింజ సీసా.
"నేను తాగను" అన్న.
టేబులంత నవ్వింది.
"తెలుసు గదనే! తాగవనే గదా
నీకోసం ఇది తెప్పించింది!"

ఇరవై రెండేండ్ల పేరు,
ఒక్క మాటతోని ఎట్ల దింపుత?
గ్లాసు పట్టుకొనే కూసున్న.
ఒక్క గుక్క తాగిన, అబద్ధమెందుకు.
తర్వాత మంచినీళ్లడిగిన.
గ్లాసుల బుడగలు
ఒకటొకటే పైకొచ్చి దిగిపోతున్నయ్,
ఆఖరి ట్రిప్పుల,
పేరు తెల్వని స్టాపుల్ల దిగే మనుషుల లెక్క.